రీబూట్ చేసి చూశారా?

కంప్యూటర్ చదువులు, ఉద్యోగాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సర్వర్లను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ పరీక్షల గురించే ఉన్నాయి. అందుకని తక్కినవాటిని పైసంచికకు వాయిదా వేశాను.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. రెండేళ్లుగా విజయవాడలో ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు, ప్రింటర్లు చూసుకునే పని చేస్తున్నాను. సర్వర్ల వైపు వెళ్లాలని లినక్స్ సంస్థ రెడ్ హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్) పరీక్ష రాయాలనుకుంటున్నాను. అమీర్‌పేటలో ఒక శిక్షణ సంస్థ వారు నలభై రోజుల్లో పాస్ చేయిస్తామని, చివరి వారంలో 'అసలు ప్రశ్నలు' చేతికిస్తామని చెబుతున్నారు. నాన్నగారు కౌలు రైతు. డబ్బు ఒక్కసారే పెట్టగలం. నా దగ్గర నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉంది. ఇంగ్లీషు అంతంతమాత్రం. చేరమంటారా?

జవాబు: చేరవద్దు బాబూ. అమీర్‌పేట మీద నాకు కోపమేమీ లేదు. మైత్రీవనం మెట్లెక్కి నేర్చుకుని బతికినవాళ్లలో నేనూ ఒకదాన్ని. కానీ చివరి వారంలో అసలు ప్రశ్నలు ఇస్తామన్నారు చూడండి, ఆ ఒక్క మాట చాలు, ఆ గుమ్మం ఎక్కకుండా ఉండడానికి.

ఎందుకో చెప్పాలంటే ముందు ఈ పరీక్ష ఎలా ఉంటుందో తెలియాలి. మనం చిన్నప్పటి నుంచి రాసిన పరీక్షల వంటిది కాదిది. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనరు. ఎదురుగా యంత్రం ఉంటుంది, చేయవలసిన పనుల జాబితా ఉంటుంది, మూడు గంటల సమయం ఉంటుంది. ఫలానా యూజర్‌ను సృష్టించాలి, డిస్కులో ఇంత జాగా తీసి ఫలానా చోట అతికించాలి, ఈ సర్వీసు (వెనక నడిచే ప్రోగ్రామ్) నడవాలి, ఆ ఫైలు ఫలానావాళ్లే చదవాలి. ఇటువంటి పనులన్నమాట. వాటి పరిధి ఎంతో రెడ్ హ్యాట్ వారి సైట్‌లో పరీక్ష లక్ష్యాలన్న పేరుతో అందరూ చూసేలా ఉంటుంది. ఇంటర్‌నెట్ ఉండదు. యంత్రంలోనే ఉన్న మ్యాన్ పేజీలే, అంటే కమాండ్ల వివరణలే, దిక్కు. మీరు ఏ దారిన చేశారన్నది ఎవరికీ పట్టదు. చివరికి యంత్రం ఏ స్థితిలో ఉందో చూసి మార్కులు వేస్తారు. 300కు 210 రావాలి.

ఇక ప్రశ్నల సంగతి. పరీక్షకు కూర్చునే ముందు అందులో ఏం వచ్చిందో బయట చెప్పబోమని ఒప్పుకుంటాం. అంటే ఆ సంస్థ వారు అమ్ముతున్నది ఎవరో మాట తప్పి మోసుకొచ్చిన సరుకు. అది వాడినట్లు తేలితే సర్టిఫికెట్ రద్దు చేసే హక్కు రెడ్ హ్యాట్‌కు ఉంది. తేలకపోయినా ఇంటర్వ్యూలో బయటపడుతుంది. కొన్నేళ్ల కిందట మా ఆఫీసుకు ఒక అబ్బాయి వచ్చాడు. సర్టిఫికెట్ ఉంది, మార్కులు కూడా గొప్పగా ఉన్నాయి. ల్యాప్‌టాప్ ముందుకు జరిపి, "ఈ వెబ్ పేజీ తెరుచుకోవడం లేదు, కాస్త చూడండి" అన్నాను. చాలాసేపు తెర వైపు చూసి, "మేడమ్, ఇది ఎన్నో ప్రశ్న?" అని అడిగాడు. ఫైర్‌వాల్‌లో, అంటే నెట్‌వర్క్ కాపలాలో, దారి తెరవలేదు, అంతే. రెండు నిమిషాల పని. ఆ అబ్బాయి తెలివితక్కువవాడేమీ కాదు, పాపం. ఎవరో అతనికి ఈతకు బదులు ఈత కొట్టేవాళ్ల ఫోటోలు చూపించి డబ్బు తీసుకున్నారు.

నా సంగతీ చెబుతాను, లేకపోతే నీతులు చెబుతున్నానని అనుకుంటారు. 2011లో, ముప్పై ఏడేళ్ల వయసులో, రెడ్ హ్యాట్ లినక్స్ 6వ వెర్షన్ మీద ఈ పరీక్ష రాశాను. అంతకుముందు దీన్ని ఆర్‌హెచ్‌సీటీ అనేవారు. అప్పట్లో సమయం రెండున్నర గంటలు. నేను రెండు గంటలకే ముగించి, చేతులు కట్టుకుని కూర్చుని, పక్కవాళ్ల కీబోర్డుల చప్పుడు వింటూ జాలిపడ్డాను. మెయిల్‌లో ఫలితం వచ్చింది: 196. తప్పాను. ఏ విభాగంలో ఎంత శాతం వచ్చిందో చెప్పారే గాని, ఎక్కడ తప్పు చేశానో చెప్పలేదు. అలా చెప్పరు కూడా.

ఆ రాత్రి మా అమ్మాయి నిద్రపోయాక ఇంట్లో యంత్రం ముందు కూర్చుని, రోజూ ఆఫీసులో చేసే పనులే వరుసగా చేసి, రీబూట్ చేశాను. మళ్లీ లేచాక చూస్తే సగం పనులు లేవు. సర్వీసు నడవడం లేదు. మౌంట్ చేసిన (అతికించిన) డిస్కు కనిపించడం లేదు. పరీక్షలో ఏమడిగారో ఇప్పటికీ చెప్పను, కానీ నా దురలవాటు ఏమిటో ఆ రాత్రి తెలిసింది. ఆఫీసులో మా సర్వర్లు ఏడాది పొడుగునా ఆగకుండా నడిచేవి. వాటిని ఆపి లేపే అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. అందుకని ఈ పూటకు నడిస్తే చాలన్నట్లు పనిచేయడం చేతికి అలవాటైపోయింది. పరీక్ష లక్ష్యాల్లో మాత్రం స్పష్టంగా రాసి ఉంటుంది: చేసినవన్నీ రీబూట్ తర్వాత, ఎవరూ చెయ్యి పెట్టకుండా, నిలిచి ఉండాలని. ఆ వాక్యం నేను చదివాను. చదివి, పేజీ తిప్పాను.

కాబట్టి మీకు నేనిచ్చే సిలబస్ ఒక్కటే: ఏ పని చేసినా రీబూట్ చేసి చూడండి. సర్వీసును 'స్టార్ట్' చేస్తే ఇప్పుడు నడుస్తుంది, 'ఎనేబుల్' చేస్తే రేపు లేచాక నడుస్తుంది. రెండూ కావాలి. రెంటినీ ఒకే కమాండ్‌లో కలిపి 'ఎనేబుల్ --నౌ' అని రాయవచ్చు. ఫైర్‌వాల్‌లో ఇది తిరగబడుతుంది. 'పర్మనెంట్' అని రాసిన మార్పు రేపటికి ఉంటుంది గాని ఈ క్షణానికి అమల్లోకి రాదు, రీలోడ్ చేయాలి. డిస్కును మౌంట్ చేసి ఊరుకుంటే అది ఈ పూటకే. ఎఫ్‌స్టాబ్ అనే ఫైలులో ఒక వరుస రాస్తేనే ప్రతిసారీ వస్తుంది.

ఎఫ్‌స్టాబ్ దగ్గర కాసేపు ఆగుతాను. ఎక్కువమంది మునిగేది ఈ రేవులోనే. ఆ ఫైలులో ఒక్క అక్షరం తప్పు పడితే, ఉదాహరణకు డిస్కు గుర్తింపు సంఖ్యలో సున్నాకు బదులు ఇంగ్లీషు 'ఓ' పడితే, యంత్రం లేచేటప్పుడు ఆ డిస్కు కోసం నిమిషంన్నర ఎదురుచూసి, దొరకక, ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. మీరు చేసిన తక్కిన పనులన్నీ బంగారంలా ఉన్నా, లేవని యంత్రానికి మార్కులు ఎవరు వేస్తారు? అందుకని ఆ ఫైలు మార్చగానే 'మౌంట్ -ఏ' కొట్టండి. 'ఫైండ్‌మౌంట్ --వెరిఫై' అని ఇంకొకటి ఉంది, అది తప్పులు వెతికి పెడుతుంది. అప్పుడు రీబూట్ చేయండి. ఇంట్లో సాధన చేసేటప్పుడు కావాలనే తప్పు రాసి, యంత్రాన్ని పడగొట్టి, మళ్లీ లేపండి. రూట్ (యంత్రం మీద సర్వాధికారి) పాస్‌వర్డ్ మరిచిపోయినట్లు నటించి, బూట్ మెనూలోంచి లోపలికి వెళ్లి మార్చండి. ఎన్నిసార్లు? చేయి దానంతట అది కదిలేవరకు. పరీక్ష రోజున యంత్రం ఆగిపోతే ఆ నల్లటి తెర మీకు పాత చుట్టంలా కనిపించాలి.

రెండో రేవు ఎస్‌ఈ లినక్స్, అంటే లినక్స్ లోపలి భద్రతా కాపలా. చాలామంది మాస్టర్లు మొదటి రోజునే "ముందు దీన్ని ఆపేయండి, గొడవ పోతుంది" అంటారు. పరీక్షలో అది ఆగితే కుదరదు. మంచి ఆఫీసుల్లో అసలే కుదరదు. దాని తత్వం ఇంటిపేరు లాంటిది. ప్రతి ఫైలుకూ ఒక ఇంటిపేరు ఉంటుంది, దాన్ని లేబుల్ అంటాం. వెబ్ సర్వర్ తనకు అనుమతించిన ఇంటిపేర్లున్న ఫైళ్లనే ముట్టుకుంటుంది. మీ హోమ్ డైరెక్టరీలో రాసిన పేజీని వెబ్ సర్వర్ డైరెక్టరీలోకి కాపీ చేస్తే అది మెట్టినింటి పేరు తెచ్చుకుంటుంది. అదే ఫైలును అక్కడికి జరిపితే, అంటే మూవ్ చేస్తే, పుట్టింటి పేరుతోనే వస్తుంది. అనుమతులన్నీ సరిగ్గా ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. తల గోడకు కొట్టుకోవాలనిపిస్తుంది. అప్పుడు 'రిస్టోర్‌కాన్' కొడితే ఆ చోటికి తగిన పేరు వస్తుంది. కొత్త డైరెక్టరీకి మీరే నియమం పెట్టాలంటే 'సీమేనేజ్' వాడాలి. 'సీహెచ్‌కాన్'తో పెట్టిన పేరు పెన్సిల్‌తో రాసినట్లే. ఎవరైనా రిస్టోర్‌కాన్ కొట్టగానే చెరిగిపోతుంది.

ఎల్‌వీఎం, స్వాప్, యూజర్లు, క్రాన్, టార్ వంటివి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి, వాటి గురించి ఇక్కడ రాయను. ఒక్క మాట మాత్రం చెబుతాను. డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌ను పెంచవచ్చు గాని తగ్గించలేరు. ఎంటర్ నొక్కే ముందు అంకె రెండుసార్లు చదవండి.

మీ ల్యాప్‌టాప్‌కు మరో నాలుగు జీబీ ర్యామ్ వేయించండి. శిక్షణ సంస్థ అడిగే డబ్బుతో పోలిస్తే అది ఎంత! బయాస్‌లో (కంప్యూటర్ లేచేటప్పటి సెట్టింగుల తెరలో) వర్చువలైజేషన్ ఆన్ చేసి, బొమ్మల తెర లేకుండా రెండు వర్చువల్ యంత్రాలు, అంటే ల్యాప్‌టాప్ లోపలే నడిచే కంప్యూటర్లు, పెట్టుకోండి. రెడ్ హ్యాట్ లినక్స్ కొనాలా అంటే, అక్కరలేదు. డెవలపర్‌గా పేరు నమోదు చేసుకుంటే వ్యక్తిగతంగా 16 యంత్రాల వరకు ఉచితంగా ఇస్తారు. లేదంటే రాకీ లినక్స్, ఆల్మా లినక్స్ ఉన్నాయి. రెడ్ హ్యాట్‌కు ఉచిత ప్రతిలాంటి సెంటోస్ 8ను 2021 చివర్లో ఆపేస్తామని 2020 డిసెంబరులో ప్రకటించాక, ఆ ఖాళీని నింపడానికి పుట్టినవే ఇవి రెండూ. పాత యూట్యూబ్ పాఠాల్లో సెంటోస్ అని వింటే కంగారు పడకండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ల్యాప్‌టాప్ మరీ పాతదైతే, ఇంచుమించు 2013కు ముందు ప్రాసెసర్ ఉన్నదైతే, రెడ్ హ్యాట్ 10 దానిమీద ఎక్కదు. ఆల్మా 10లో పాత ప్రాసెసర్ల కోసం వేరే కూర్పు ఇస్తున్నారు, అది ఎక్కుతుంది. మీరు రాసే నాటికి పరీక్ష ఏ వెర్షన్ మీద జరుగుతోందో లక్ష్యాల పేజీలో చూసుకుని దాన్నే వేసుకోండి.

ఇంగ్లీషు సంగతికి వస్తే, తెలుగులో ఈ పరీక్ష లేదు. అయితే మీరు ఇంగ్లీషులో వ్యాసం రాయనక్కరలేదు, పని చెప్పిన వాక్యం అర్థమైతే చాలు. రోజూ ఒక మ్యాన్ పేజీ చదవండి. మొదటి నుంచి కాదు, చివరి నుంచి. చాలా పేజీల్లో చివరగా ఉదాహరణలు ఉంటాయి. సీమేనేజ్ నియమం ఎలా రాయాలో నేను ఇప్పటికీ బట్టీ పట్టలేదు. ఆ పేజీ తెరిచి, అడుగుకు వెళ్లి, ఉదాహరణ చూసి రాస్తాను. పరీక్షలోనూ అదే చేయవచ్చు, కాపీ కొట్టినట్లు కాదు.

డబ్బు ఒక్కసారే పెట్టగలమన్నారు కదా, అయితే అది పరీక్ష ఫీజుకే పెట్టండి, అదీ చివర్లో. నాలుగు నెలలు రోజుకు రెండు గంటలు చేయండి. లక్ష్యాల జాబితా కాగితం మీద రాసుకుని, ప్రతి పనినీ మ్యాన్ పేజీ తప్ప మరేదీ చూడకుండా చేయగలిగిన రోజున దానికి టిక్కు పెట్టండి. అన్నిటికీ టిక్కులు పడ్డాక గడియారం పెట్టుకుని మూడు గంటల పరీక్ష మీకు మీరే పెట్టుకోండి, మధ్యలో రెండు రీబూట్లతో. అప్పుడు ఫీజు కట్టండి. సర్టిఫికెట్ రాగానే ఉద్యోగం నడిచొస్తుందని నేను అనను. ఆసుపత్రిలో రెండేళ్లు డాక్టర్ల ప్రింటర్లు బాగుచేసిన అనుభవాన్ని బయోడేటాలో దాచకండి. రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తి విసుక్కోకుండా మాట్లాడగలిగే మనిషిని వెతుక్కునే మేనేజర్లు చాలామంది ఉన్నారు.

ప్రశ్న: నేను 2019లో రెడ్ హ్యాట్ 7 మీద ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పాసయ్యాను. పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేశాను. ఇప్పుడు తిరిగి చేరాలనుకుంటున్నాను. సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. నేరుగా దాని పైమెట్టు అయిన ఆర్‌హెచ్‌సీఈ రాసేస్తే సరిపోతుందా? బయోడేటాలో పాతది రాయవచ్చా? — ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: అమ్మా, ఈ సర్టిఫికెట్ ఆయుష్షు మూడేళ్లు. అది బతికుండగా ఆర్‌హెచ్‌సీఈ రాసి ఉంటే రెండూ కలిసి కొనసాగేవి. ఇప్పుడు ఆర్‌హెచ్‌సీఈ హోదా దక్కాలంటే గడువులో ఉన్న ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ చేతిలో ఉండాలి. కాబట్టి మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. నష్టమేమీ లేదులెండి, ఎందుకంటే మీరు దిగిన ఇల్లు, ఇప్పుడు ఎక్కబోయే ఇల్లు ఒకటి కాదు. రెడ్ హ్యాట్ 7 నిర్వహణ గడువు 2024 జూన్ 30తో ముగిసింది. ప్రోగ్రాములు ఎక్కించే యమ్ స్థానంలో డీఎన్ఎఫ్ వచ్చింది, యమ్ అని కొట్టినా పలుకుతుంది గాని లోపల ఉన్నది అదే. ప్రోగ్రాములను విడి పెట్టెల్లో నడిపే డాకర్ పోయి పాడ్‌మ్యాన్ వచ్చింది. నెట్‌వర్క్ కోసం మనం చేత్తో దిద్దుకునే ఐఎఫ్‌సీఎఫ్‌జీ ఫైళ్ల కాలం దాటిపోయింది, ఇప్పుడంతా నెట్‌వర్క్ మేనేజర్ పెత్తనమే. 'ఎన్ఎంసీఎల్ఐ-ఎగ్జాంపుల్స్' అని ఒక మ్యాన్ పేజీ ఉంది, మొదటి వారం దానితోనే గడపండి. ఇక ఆర్‌హెచ్‌సీఈ అయితే పూర్తిగా వేరే పరీక్ష అయిపోయింది. రెడ్ హ్యాట్ 8 నుంచి అది ఆన్సిబుల్ పరీక్ష. ఒక్కో సర్వర్‌లోకి వెళ్లి చేసే పనిని, ఒక చోట కూర్చుని రాసి, అన్నిటికీ పంపడమన్నమాట. ఒక యంత్రాన్ని చేత్తో నడపడం మళ్లీ అలవాటయ్యాక అది అంత కష్టమనిపించదు.

పాతది బయోడేటాలో రాయండి, సంవత్సరంతో సహా: '2019లో పొందాను, గడువు ముగిసింది, మళ్లీ సిద్ధమవుతున్నాను'. ఖాళీ ఏళ్ల గురించి అడిగితే పిల్లల్ని పెంచానని చెప్పి ఊరుకోండి. క్షమాపణ చెప్పినట్లు చెప్పకండి. ఇంటర్వ్యూ చేసేటప్పుడు నేను బల్లకు అవతలి వైపు కూర్చుంటాను కదా, అక్కడి నుంచి ఆ గొంతు తేడా బాగా తెలుస్తుంది.

ప్రశ్న: ఇంటి నుంచే పరీక్ష రాసే వీలుందట, నిజమేనా? మా ఊళ్లో కరెంటు కోతలు ఎక్కువ. — అనంతపురం జిల్లా నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిజమే. వారు చెప్పిన విధంగా ఒక యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని, మీ కంప్యూటర్‌ను దానితో బూట్ చేయాలి. ల్యాప్‌టాప్‌లో ఉన్న కెమెరా సరిపోదు, వైరుతో తగిలించే వెబ్‌కెమెరా విడిగా కొనాలి. గది అంతా, బల్ల కింద కూడా, దానితో తిప్పి చూపించమంటారు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు. మా బంధువుల అబ్బాయి రాస్తుంటే వాళ్ల నాయనమ్మ మజ్జిగ గ్లాసుతో తలుపు తోయబోయింది. ఇంటిల్లిపాదీ ఆవిడను గుమ్మం దగ్గరే ఆపారు. మీ కంప్యూటర్ పనికొస్తుందో లేదో ఆ పెన్‌డ్రైవ్‌లోనే పరీక్షించుకోవచ్చు. ఆ పని ముందురోజు రాత్రి కాదు, పది రోజుల ముందే చేయండి. వైఫై కన్నా వైరు మేలు. ఇన్వర్టర్ మీద ల్యాప్‌టాప్‌తో పాటు రౌటర్ కూడా ఉందో లేదో చూసుకోండి, చాలామంది అది మరిచిపోతారు. ఇన్ని తంటాలు ఎందుకనిపిస్తే బెంగళూరో హైదరాబాదో రైలెక్కి పరీక్ష కేంద్రంలోనే రాయండి. నేనైతే అదే చేస్తాను.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. ఇప్పటి నుంచే లినక్స్ సర్టిఫికెట్ ఇప్పిస్తే మంచిదా? ఏది ఇప్పించాలి? — ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: అబ్బాయి అడిగాడా, మీరు అడుగుతున్నారా? అతను అడిగితే, ఇంట్లో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ అతనికి ఇచ్చేసి, ఫెడోరా, ఉబుంటు వంటి ఏదో ఒక లినక్స్‌ను తనంతట తానే ఎక్కించుకోమనండి. పాడుచేస్తే తిట్టకండి, మళ్లీ ఎక్కించుకుంటాడు. దాని మీదే ఆర్నెల్లు గడిపాక కూడా ఆసక్తి ఉంటే, ఎల్‌పీఐ సంస్థ వారి లినక్స్ ఎసెన్షియల్స్ అనే ప్రాథమిక పరీక్ష ఉంది, దానికి గడువు తీరిపోవడమన్నది కూడా లేదు. మీరే అడుగుతున్నట్లయితే, ముందు ఆ కంప్యూటర్‌లో మీరు ఎక్కించి చూడండి.